ఒకటో తరగతిలో ఇంటి మాట

ప్రతి ఏడాదీ ఈ సంచిక కోసం మా బడి గురించి రెండు పేజీలు రాయమంటారు. మేమూ ఎంతమంది పిల్లలు చేరారో, ఎన్ని నోటు పుస్తకాలు అందాయో, ఐదో తరగతి ముగించి ఎందరు హైస్కూలుకు వెళ్ళారో రాసి పంపుతుంటాం. ఆ లెక్కలు కార్యదర్శిగారి నివేదికలో ఎలాగూ ఉంటాయి. అందుకని ఈసారి ఒకటో తరగతి గది లోపలి సంగతులు రాస్తున్నాం. మీరిచ్చే రూపాయి ఎక్కడ పని చేస్తుందో, ఎక్కడ అంతగా చేయదో కూడా ఇందులో కొంత తెలుస్తుంది.

నాలుగేళ్ళ కిందటి మాట. జూన్ నెల, బడి తెరిచి రెండో వారం. బల్లపై బొమ్మ గీసి పదం చెప్పిస్తున్నాం. రెండో వరుసలో ఒక చిన్న పాప లేచి నిలబడింది. "ఏమ్మా?" అన్నాం. మాట్లాడలేదు. "కూర్చో" అన్నాం, కూర్చుంది. కాసేపటికి మళ్ళీ లేచింది. "ఏం కావాలో చెబితేనే కదా తెలిసేది! తెలుగులో చెప్పు" అన్నాం. పాప మా వంక చూసింది, తలుపు వంక చూసింది, కూర్చుంది. ఇంకాస్తసేపటికి ఆమె కూర్చున్నచోట నేల తడిసింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు.

మర్నాడు ఆ పాప రాలేదు. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళాం. వాళ్ళ నానీ గడప దగ్గర కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ఏ మాత్రం కోపం లేకుండా చెప్పింది: "ఏమని అడగాలో బిడ్డకు తెలియలేదంట టీచరమ్మా. మీరు తెలుగులో చెప్పమన్నారంట. అందుకని ఊరుకుందంట."

ఉపాధ్యాయ వృత్తిలో ఎన్నో ఏళ్ళ తరువాత, బి.ఇడి. పట్టా చేతిలో ఉండి, మేము విన్న మాట అది. "టీచర్, ఒకటికి" అనే రెండు మాటలు ఏ వాచకంలోనూ ఉండవు. తెలుగు ఇళ్ళ పిల్లలకు అన్నల దగ్గర, అక్కల దగ్గర, వీధిలో అవి వచ్చేస్తాయి. ఇంట్లో ఉర్దూ తప్ప మరో మాట వినని పిల్లకు అవి ఎవరు చెప్పాలి? మేమే చెప్పాలి. మేము చెప్పలేదు.

మా బడి కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉంది. పిల్లల తండ్రులు ఆటోలు తోలేవారు, మెకానిక్కులు, తోపుడుబండ్లపై పండ్లు అమ్మేవారు. తల్లులు చాలామంది ఇంట్లోనే కుట్టుపని చేస్తారు. ఒకటో తరగతిలో సగానికి పైగా పిల్లల ఇంటి భాష మన దక్కనీ ఉర్దూ. వద్దు అనడానికి "నక్కో", ఔను అనడానికి "హౌ" అనే భాష అది. మరి ఉర్దూ మీడియంలో ఎందుకు చేర్చరని కొందరు దాతలు మమ్మల్ని అడిగారు. ఉర్దూ మీడియం బడులు ఈ ఊళ్ళో ఉన్నాయి. డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో ఏర్పడింది కూడా మన కర్నూలులోనే. అయినా తల్లిదండ్రుల లెక్క వాళ్ళది. ఆఫీసులో అర్జీ రాయాలన్నా, ఆసుపత్రిలో చీటీ చదవాలన్నా, దుకాణంలో పని దొరకాలన్నా తెలుగు రావాలి, ఆపైన ఇంగ్లీషు రావాలి అంటారు. ఆ లెక్క తప్పని చెప్పే హక్కు మాకు లేదు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. అంటే మా పిల్లకు పుస్తకం తెరిస్తే రెండు భాషలు కనిపిస్తాయి, రెండూ ఆమె ఇంట్లో వినబడవు.

మేము బి.ఇడి. చదివిన రోజుల్లో ప్రత్యక్ష పద్ధతి అని ఒకటి గట్టిగా నేర్పారు. ఏ భాష నేర్పాలో ఆ భాషలోనే మాట్లాడాలి, పిల్లల ఇంటి భాష గదిలోకి రానివ్వకూడదు అని దాని సారం. మేము దాన్ని ఇంకా బిగించాం. ఉర్దూ మాట్లాడిన పిల్లల్ని నిలబెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, జరిగింది జరిగినట్టు చెప్పాలి. మన రాజ్యాంగం మాత్రం మొదటినుంచీ మా కంటే మెత్తగా ఉంది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. ఆ "సాధ్యమైనంత" మా గదిలో ఎంతవరకు సాధ్యమో మేము వెతకలేదు. పాప ఇంటి గడప దగ్గర చాయ్ తాగి వచ్చాక వెతకడం మొదలుపెట్టాం.

ఇప్పుడు జూన్‌లో మొదటి వారం పలకలు తీయించం. మూడు మాటలు నేర్పుతాం: "దాహం", "ఒకటికి", "అర్థం కాలేదు". పాడి, ఆడి, అభినయించి నేర్పుతాం. నోటితో చెప్పలేని పిల్లలకు చేతి సైగ ఒప్పుకుంటాం, ఉర్దూలో అడిగినా ఒప్పుకుంటాం. మూడింటిలో కష్టమైనది మూడోది. దాహం వేసిందని పిల్లలు మూడో రోజుకే అడుగుతారు. అర్థం కాలేదని చెప్పడానికి కొందరికి దసరా దాకా పడుతుంది. అది భాష సమస్య కాదు. అలా అంటే టీచరు ఏమంటుందోనన్న భయం.

రెండో పని, గోడ. గదిలో ఒక గోడకు పొడుగ్గా చార్టు అంటించి "రెండిళ్ళ మాటలు" అని పేరు పెట్టాం. తెలుగింట్లోనూ ఉర్దూ ఇంట్లోనూ వినబడే మాట దొరికితే దానిమీదికి ఎక్కుతుంది. కుర్చీ, కలం, జేబు, రుమాలు, సబ్బు, దుకాణం, మైదానం, బజారు, జవాబు, రోజు, ఖాళీ, బాకీ. అరబీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి ఇక్కడే కాపురం పెట్టిన మాటలు ఇవి. ఒక పాప కాగితం తీసుకొచ్చి "కాగజ్, కాగితం, ఒకటేనా టీచర్?" అంది. ఒకటే. ఆ రోజంతా పిల్లలు గదిలో ఏ వస్తువును చూసినా ముట్టుకుని రెండు పేర్లు చెప్పారు, మాకు పాఠం చెప్పే వీలే లేకపోయింది. చెప్పకపోతే మానె.

ఈ గోడ చదవడానికి కూడా పనికొచ్చింది. వర్ణమాల వరుసలో అ, ఆ, ఇ, ఈ అని మొదలుపెడితే పిల్లలు పాటలాగా అప్పజెబుతారు. అప్పజెప్పేది చదవడం కాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని పేజీ మొత్తం గడగడా చెప్పిన పిల్లల్ని మేము చూశాం. అందుకని తలకట్టు తప్ప ఏ గుణింతమూ లేని అక్షరాలతో, పిల్లకు ముందే తెలిసిన మాటతో మొదలుపెడతాం. "కలం" ఎంత మంచి మాటో చూడండి: క, ల, పక్కన ఒక సున్న. తెలుగు పిల్లకు తెలుసు, ఉర్దూ పిల్లకు తెలుసు. "జమ" అలాంటిదే. క, ల, జ, మ వచ్చాక "కమలం" వస్తుంది, "కల" వస్తుంది. ఇక్కడ ఉర్దూ పిల్లలు ఒకసారి ఆగుతారు, ఎందుకంటే వాళ్ళకు "కల్" అంటే వేరే.

ఆ "కల్" సంగతి చెప్పాలి. ఉర్దూలో నిన్నకూ రేపటికీ ఒకటే మాట, కల్. క్రియను బట్టి ఏదో తెలుస్తుంది. తెలుగులో రెండు మాటలు వేరు. కాబట్టి మా గదిలో "రేపు జ్వరం వచ్చింది టీచర్, అందుకే రాలేదు" అనే పిల్లలు ఉంటారు. మునుపు మేము ఇది విని తెలివితక్కువతనం అనుకునేవాళ్ళం. పిల్ల చేసింది తప్పే, కానీ తన భాష నియమాన్ని సరిగ్గా పాటించడంవల్ల వచ్చిన తప్పు. ఇప్పుడు రోజూ ఉదయం గోడ గడియారం కింద మూడు అట్టముక్కలు మారుస్తాం: నిన్న, ఈ రోజు, రేపు. నిన్న ఏం తిన్నారు, రేపు ఏం వండుతారు అని అడుగుతాం. ఐదు నిమిషాల పని. దసరా సెలవుల తరువాత ఆ తప్పు దాదాపుగా వినబడదు.

మనం, మేము అనే తేడా ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఉర్దూలో రెండింటికీ హమ్ ఒకటే. ఒక రోజు ఒక బుడ్డోడు వచ్చి "టీచర్, మనం నిన్న బిర్యానీ తిన్నాం" అన్నాడు. "మరి మాకు పెట్టలేదే!" అన్నాం. వాడు అయోమయంగా చూశాడు. తెలుగు పిల్లలు పకపకా నవ్వి వాడికి విడమరిచి చెప్పారు, మేము నోరు తెరవాల్సిన పని పడలేదు. ఈ వ్యాసంలో కూడా చూడండి, "మేము" అంటే టీచర్లం. మీరూ కలిసిన చోట "మనం" అని రాయాలి. చిన్న పిల్లకు ఈ తేడా ఎంత పెద్దదో తెలుగు మాత్రమే తెలిసిన మనిషికి తట్టదు.

ళ, ణ అక్షరాల దగ్గర మాత్రం మేము పట్టు పట్టం. ఉర్దూ పలుకుబడిలో ఆ ధ్వనులు లేవు. "పళ్ళు" అనడానికి "పల్లు" అంటారు. రాతలో సరిదిద్దుతాం, నోట్లో తొందరపెట్టం. మూడో తరగతికి వచ్చేసరికి చాలామందికి నాలుక దానంతట అదే తిరుగుతుంది.

ఇక లెక్కలు. మాకు అన్నిటికంటే కళ్ళు తెరిపించింది ఇక్కడే. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు సాఫీగా నడుస్తాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై ఒకటి, ముప్పై రెండు. పదులు ముందు, ఒకట్లు తరువాత. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్, తేయీస్. ఒకట్లు ముందు వచ్చి పదులతో కలిసి కరిగిపోతాయి, నూరు దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ పేరు విడిగా నేర్చుకోవాలి. పైగా 29ని ఉన్‌తీస్ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39 ఉన్‌తాలీస్, నలభైకి ఒకటి తక్కువ. ఇంట్లో ఇలా లెక్కపెట్టే పిల్లకు 39 రాయమంటే చెవిలో నలభై మోగుతుంది, చేయి 49 రాస్తుంది. తెలుగు పిల్ల చేసే తప్పు వేరు. ఇరవై ఐదు రాయమంటే ముందు 20 రాసి పక్కన 5 పెట్టి, 205 చేస్తుంది. రెండు తప్పులకూ మేము ఎర్ర సిరాతో ఒకటే గుర్తు పెట్టేవాళ్ళం. రెండూ రెండు జబ్బులు. మందు మాత్రం అదృష్టవశాత్తూ ఒకటే.

ఆ మందు పుల్లలు. ఐస్‌క్రీమ్ పుల్లలు, చీపురు పుల్లలు, ఏవైనా సరే. పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. రెండు కట్టలు, ఐదు విడి పుల్లలు. తెలుగులో ఇరవై ఐదు, ఉర్దూలో పచ్చీస్, ఇంగ్లీషులో ట్వెంటీ ఫైవ్, చేతిలో మాత్రం రెండు కట్టలు, ఐదు పుల్లలు. కట్టల గళ్ళో 2, విడి గళ్ళో 5. పేరు ఏ భాషలో పలికినా రాసేది కట్టల్ని చూసి. 29కి ఒక పుల్ల కలిపితే విడివి పది అవుతాయి, కట్ట కట్టాలి. అప్పుడు ముప్పైకి ఒకటి తక్కువ అని ఉర్దూ ఎందుకు అంటుందో కూడా పిల్లకు చేతిలో తెలుస్తుంది. ఉన్‌తీస్ అనే పేరు మా గదిలో ఒకప్పుడు అడ్డంకి, ఇప్పుడు కూడిక పాఠానికి ఉదాహరణ. తీసివేతలో కట్ట విప్పడం వస్తుంది. పదులు అప్పు తీసుకోవడం అని మేము నోటితో ఎన్నేళ్ళు చెప్పినా ఎక్కనిది, రబ్బరు బ్యాండు విప్పితే పది నిమిషాల్లో ఎక్కింది.

ఇంకొకటి, గోలీలు. ఇంటర్వెల్‌లో మైదానంలో గోలీలాట. తరగతిలో నోరు మెదపని ఒక పిల్లవాడు, చలాకీతనం లేదని మేము రిజిస్టరులో రాసుకున్న పిల్లవాడు, అక్కడ అందరి గోలీల లెక్కా ఉర్దూలో చెబుతున్నాడు. ఎవడికి ఎన్ని ఉండేవి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, ముగ్గురివీ ఒకేసారి. మేము గోడపక్కన నిలబడి విన్నాం. మర్నాడు వాడి లెక్కల పరీక్ష ఉర్దూలో నోటితో అడిగాం, అన్నీ చెప్పాడు. రిజిస్టరులో రాసినదాన్ని కొట్టేశాం.

వారానికొక రోజు కథ. ఎవరో ఒకరి నానీనో, దాదీనో, అమ్మమ్మనో పిలుస్తాం. తనకు వచ్చిన భాషలో చెబుతుంది. పిల్లలు కింద కూర్చుని వింటారు. అయ్యాక కథలో ఎవరొచ్చారు, ఏమైంది అని మేము తెలుగులో అడుగుతాం. పిల్లలు సగం ఉర్దూ సగం తెలుగు కలిపి చెప్పిన వాక్యాలను తెలుగులోకి సర్ది పెద్ద అక్షరాలతో చార్టు మీద రాస్తాం, ఐదారు వాక్యాలు. తాము చెప్పిందే రాతలో కనిపిస్తే పిల్లలకు వదలబుద్ధి కాదు. ఆ వాక్యాలను మర్నాడు కత్తిరించి పదాలు చేస్తాం, కలిపేస్తాం, మళ్ళీ పేర్చమంటాం. ఇది చదవడమే. వాచకంలో మొదటి పేజీ చదవని పిల్లలు ఇందులో "కోతి", "రొట్టె" గుర్తుపట్టారు. మొదట నానీలు రావడానికి మొహమాటపడ్డారు. "మాకు చదువు రాదు, మేమేం చెబుతాం" అన్నారు. ఒకామె వచ్చి చెప్పాక మిగతావాళ్ళకు వంతు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పం. మొదటి ఏడాది తెలుగు మాట్లాడే పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు వచ్చి, "మా పిల్లకు ఉర్దూ నేర్పుతున్నారా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గదిలో కూర్చోబెట్టి చూపించాం. ఉర్దూ పిల్లలకు అర్థం కానిచోట వాళ్ళ పిల్లలే తెలుగులో వివరిస్తున్నారు, అలా వివరించే పిల్లకే తెలుగు ఎక్కువ పదునెక్కుతుంది. ఒకరు ఒప్పుకున్నారు, మరొకరు పిల్లను వేరే బడిలో చేర్చారు. ఉర్దూ ఇళ్ళవాళ్ళలోనూ ఒక తండ్రి, "ఉర్దూ ఇంట్లో ఉంది కదా, బడిలో ఎందుకు, తెలుగే చెప్పండి" అని కోప్పడ్డాడు. మేము చెప్పేది తెలుగే, ఉర్దూ దానికి నిచ్చెన అన్నాం. సంవత్సరం చివర వాళ్ళ అబ్బాయి సబ్బు రేపరు మీది అక్షరాలు చదివి చూపించాక కాస్త మెత్తబడ్డాడు.

దీనికంతటికీ తొందర ఎందుకంటే, మూడో తరగతి దాటాక పుస్తకాలు ఆగవు. అక్కడిదాకా పిల్ల చదవడం నేర్చుకుంటుంది, అక్కడినుంచి చదివి నేర్చుకోవాలి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024లో, దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే అని తేలింది. 2022లో అది 20.5 శాతం. మూడేసి నెలలకొకసారి మేమూ అలాగే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టి అక్షరం, పదం, చిన్న పేరా, కథ అని చదివించి చూస్తాం. మార్కులు వేయం. ఎక్కడ ఆగారో రాసుకుంటాం, అంతే.

ఇప్పుడు మీతో ఒక మాట. పోయిన ఏడాది దాతల దయవల్ల కొందరు పిల్లలకు మూడేసి స్కూలు బ్యాగులు వచ్చాయి. ఒక పాప మూడింటినీ ఒకేసారి తగిలించుకుని వచ్చి చూపించింది. బ్యాగులు ఇచ్చినవారి మనసు మంచిదే, ఫోటో కూడా బాగా వస్తుంది. మాకు కావలసినవి ఫోటోలో అంత బాగా పడవు. చార్టులు, రబ్బరు బ్యాండ్లు, ఒకే వాక్యం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్న బొమ్మల పుస్తకాలు, పిల్లలు ముట్టి చింపినా ఫరవాలేదనుకునే పుస్తకాలు. అన్నిటికంటే ముందు, పూట పూటా గదిలో ఉండే ఒక మనిషి. ఈ పేటలోనే ఇంటర్మీడియట్ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఉన్నారు, రెండు భాషలూ వచ్చినవాళ్ళు. ఒకరికి ఏడాది పాటు గౌరవ వేతనం ఇవ్వగలిగితే ఒకటో తరగతిలో మౌనంగా కూర్చునే పిల్ల ఉండదు. ఒక ఏడాది ఒక దాత ఆ పని చేశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆ ఏడాది తేడా మేము కళ్ళారా చూశాం. మరుసటి ఏడాది ఆగిపోయింది.

నాలుగేళ్ళ కిందటి ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. ఈ జూన్‌లో ఒకటో తరగతిలో ఒక కొత్త బుడ్డోడు లేచి నిలబడి తలుపు వంక చూస్తున్నాడు. మేము బల్ల మీద రాస్తూ వెనక్కి తిరిగి ఉన్నాం. వరండాలో వెళ్తున్న ఆమె కిటికీలోంచి చూసి, "టీచర్, వాడికి ఒకటికంట!" అని కేకేసి, లోపలికి వచ్చి వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

మీలో వీలున్నవారు ఒక పూట వచ్చి చూడండి. ముందుగా చెప్పనక్కరలేదు, పిల్లలచేత స్వాగత గీతాలు పాడించం. కథ గురువారం, ఇంటర్వెల్ తరువాత. కింద కూర్చోవాల్సి ఉంటుంది. గదిలో కుర్చీ ఒకటే ఉంది, ఆ రోజు అది నానీది.